మాష్ నీరు, స్పార్జ్ నీరు: ఫర్మెంటర్ నుంచి వెనక్కి నడిచే లెక్క

మీరు చెప్పిన వివరాలను ముందుగా ఒకచోట పెడతాను. 5 కిలోల మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో) 1.050 గ్రావిటీ (నీటితో పోలిస్తే ద్రవం ఎంత సాంద్రంగా ఉందో, అంటే అందులో చక్కెర ఎంత కరిగి ఉందో చెప్పే అంకె) గల 20 లీటర్ల బీరు తీయాలనుకున్నారు. మాల్ట్ కిలోకు ఒక లీటరు నీరు పీల్చుకుంటుందని చదివి, 20కి 5 కలిపి మొత్తం 25 లీటర్లు తీసుకున్నారు. అందులో 15 లీటర్లు మాష్‌కు (మాల్ట్‌ను వేడినీటిలో నానబెట్టడానికి), 10 లీటర్లు స్పార్జ్‌కు (ఆ మాల్ట్‌లో మిగిలిన చక్కెరను మళ్లీ వేడినీటితో కడిగి తీయడానికి) వాడారు. గంటసేపు మరిగించి చల్లార్చాక ఫర్మెంటర్‌లోకి (పులియబెట్టే పాత్రలోకి) 14 లీటర్లే చేరాయి, గ్రావిటీ 1.066 చూపించింది. తర్వాత మూడు క్యాలిక్యులేటర్లలో అవే అంకెలు వేసి చూస్తే ఒకటి 29 లీటర్లు, ఒకటి 31, ఒకటి 33 లీటర్లు కావాలని చెప్పాయి. వీటిలో దేన్ని నమ్మాలి, మాష్‌కు స్పార్జ్‌కు ఎలా పంచాలి అన్నది మీ ప్రశ్న.

మూడింటిలోనూ తప్పు లేదు. ఆ మూడూ మీ పాత్రల గురించి మూడు రకాలుగా ఊహించుకున్నాయి, అంతే. ఈ లెక్కలో కూడికలు, తీసివేతలు తప్ప మరేమీ లేవు. కష్టమంతా అందులో వేయవలసిన అంకెలు మీ ఇంట్లోని పాత్రలవై ఉండాలన్న దగ్గరే ఉంది. ఆ అంకెలు నాలుగు: మాల్ట్ పీల్చుకునే నీరు, మాష్ పాత్ర అడుగున కుళాయికి అందకుండా మిగిలిపోయే నీరు, గంటలో ఆవిరైపోయే నీరు, మరిగించే పాత్ర అడుగున మడ్డితో పాటు వదిలేసే వర్ట్ (మాల్ట్ నుంచి దిగిన తీపి ద్రవం). మీరు మొదటి దాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. మిగతా మూడూ కలిసి ఆరు లీటర్లు తినేశాయి.

మీ పాత్రలను నేను చూడలేదు కనుక ప్రస్తుతానికి ఈ అంకెలతో నడుద్దాం: పీల్పు కిలోకు 1 లీటరు, మాష్ పాత్ర అడుగున 1 లీటరు, ఆవిరి గంటకు 3.5 లీటర్లు, మడ్డి 1.5 లీటర్లు. వీటితో మీ 25 లీటర్లను ముందుకు నడిపిస్తే, మాల్ట్ 5, పాత్ర అడుగు 1 పోగా మరిగించే పాత్రలోకి 19 లీటర్లు వస్తాయి. ఆవిరి పోగా 15.5 మిగులుతాయి, మడ్డి పోగా 14. మీకు వచ్చింది సరిగ్గా ఇంతే కాబట్టి ఈ ఊహలు మీ సామానుకు దగ్గరగానే ఉన్నట్టు తోస్తోంది, అయినా వాటిని కొలిచి నిర్ధారించుకోవలసిందే, ఎందుకంటే ఒక అంకె ఎక్కువై మరొకటి తక్కువైనా చివరి మొత్తం అదే రావచ్చు.

ఇప్పుడు అదే దారిలో వెనక్కి నడవాలి. ఫర్మెంటర్‌లో 20 లీటర్లు కావాలి. దానికి మడ్డి 1.5 కలిపితే మరిగించడం పూర్తయి చల్లారాక పాత్రలో 21.5 లీటర్లు ఉండాలి. ఆవిరి 3.5 కలిపితే మరిగించడానికి ముందు 25 లీటర్లు ఉండాలి. మాల్ట్ పట్టి ఉంచే 5, మాష్ పాత్ర అడుగున నిలిచే 1 కలిపితే మొత్తం 31 లీటర్లు. ఒక వాక్యంలో చెప్పాలంటే, కావలసిన బీరుకు నాలుగు నష్టాలనూ కలిపితే మొత్తం నీరు వస్తుంది. దానిలోంచి మాష్ నీటిని తీసివేస్తే మిగిలేది స్పార్జ్ నీరు. మాష్‌కు కిలోకు 3 లీటర్ల చొప్పున 15 లీటర్లు పోస్తే స్పార్జ్‌కు 16 మిగులుతాయి.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. మాష్ నుంచి మొదటిసారి వర్ట్ దింపేటప్పుడు మాల్ట్ 5 లీటర్లు పీల్చుకుంటుంది, పాత్ర అడుగున 1 లీటరు నిలుస్తుంది, కనుక 15లో 9 లీటర్లే బయటికి వస్తాయి. స్పార్జ్ నీరు పోసినప్పుడు కూడా మాల్ట్ మళ్లీ పీల్చుకుంటుందేమోనని కొందరు ఇంకో 5 లీటర్లు కలుపుతారు. అప్పటికే తడిసిన మాల్ట్ ఇక పీల్చుకోదు. పాత్ర అడుగు కూడా అప్పటికే నిండి ఉంది. పోసిన 16 లీటర్లూ 16గానే బయటికి వస్తాయి. 9, 16 కలిస్తే 25. నష్టం ఒక్కసారే, అది మొదటి దింపుడులోనే తేలిపోతుంది.

మూడు క్యాలిక్యులేటర్లు మూడు రకాలుగా చెప్పడానికి కారణం కూడా ఇప్పుడు సులువుగా ఊహించవచ్చు. పీల్పును కిలోకు 0.8 లీటర్లుగా తీసుకుని, మాష్ పాత్ర అడుగున ఏమీ మిగలదని అనుకుంటే 31 కాస్తా 29 అవుతుంది. ఆవిరిని గంటకు 4.5 లీటర్లుగా తీసుకుని, దానిపైన చల్లారేటప్పుడు తగ్గే పరిమాణాన్ని కూడా కలిపితే 33కు చేరుతుంది. ఇవన్నీ ఆ పట్టికలలో ముందే నింపి పెట్టిన అంకెలు; వాటిని మార్చకుండా వదిలేస్తే మీరు వేరెవరి పాత్రకో నీళ్లు కొలుస్తున్నట్టు. ఇంకొక చిన్న హెచ్చరిక: పాత పట్టికలు చాలావరకు గ్యాలన్లు, క్వార్టులు (గ్యాలన్‌లో నాలుగో వంతు), పౌండ్లలో ఉంటాయి. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు. పౌండుకు ఒక అమెరికా క్వార్టు అంటే కిలోకు సుమారు 2.09 లీటర్లు.

చల్లారేటప్పుడు తగ్గే పరిమాణం సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే అనుభవం ఉన్నవారు కూడా దీన్ని తరచూ రెండుసార్లు లెక్కిస్తారు. మరిగే వేడిలో ఉన్న వర్ట్ 20 డిగ్రీలకు చల్లారితే దాని పరిమాణం సుమారు 4 శాతం తగ్గుతుంది. అందువల్ల చల్లగా 21.5 లీటర్లు కావాలంటే మంట ఆపే క్షణంలో పాత్రలో 22.4 లీటర్లు కనిపించాలి. ఇది నిజమే. అయితే మీరు మొదట్లో నీళ్లను చల్లగా ఉన్నప్పుడే కొలిచి పోస్తే, ఆ నీళ్లు వేడెక్కేటప్పుడు అదే 4 శాతం పెరుగుతాయి, చివర మళ్లీ అంతే తగ్గుతాయి. చల్లటి కొలత నుంచి చల్లటి కొలతకు వెళ్లినప్పుడు మధ్యలోని ఉబ్బుకు లెక్కలో చోటు లేదు. దాన్ని ప్రత్యేకంగా కలిపితే దాదాపు ఒక లీటరు నీరు అనవసరంగా ఎక్కువ పోసినట్టవుతుంది. అందుకే నేను లెక్కంతా చల్లటి లీటర్లలోనే చేస్తాను, పాత్రలో వేడి వర్ట్‌ను కొలిచినప్పుడు మాత్రమే దాన్ని చల్లటి లీటర్లలోకి మారుస్తాను: మరిగే వేడిలో కనిపించిన అంకెను 0.96తో గుణించాలి, స్పార్జ్ అయిన వెంటనే 70, 75 డిగ్రీల మధ్య కనిపించిన అంకెను దాదాపు 0.98తో గుణించాలి. మీ 25 లీటర్లు స్పార్జ్ అయిన వెంటనే కొలకర్ర మీద 25.6 దగ్గర, మరగడం మొదలయ్యేసరికి 26 దగ్గర కనిపిస్తాయి. ఆ అర లీటరు, లీటరు ఎక్కడివని కంగారు పడనక్కర్లేదు.

కొలకర్ర అన్నాను కనుక దాని గురించి కూడా చెబుతాను. నా మొదటి కెటిల్‌కు (మరిగించే పాత్రకు) లోపల గీతలు ముద్రించి వచ్చాయి. ఏడాదిపాటు వాటినే నమ్మి, నా సామర్థ్యం (మాల్ట్ ఇవ్వగల చక్కెరలో ఎంత శాతం అందిందన్నది) ఎందుకు ఇంత బాగుందా అని మురిసిపోయాను. ఒకరోజు అనుమానం వచ్చి తూకం వేసి నీళ్లు పోస్తే, 20 అని ఉన్న గీత దగ్గర 18.8 కిలోల నీరే పట్టింది. లేని లీటరు పావుకు లెక్కలు కట్టుకుంటూ వచ్చానన్న మాట. అప్పటినుంచి గీతలను నమ్మడం మానేసి ఒక స్టీలు పట్టీని కొలకర్రగా చేసుకున్నాను. వంటింటి తూకం మీద ఒక జగ్గును పెట్టి, రెండేసి కిలోల చల్లటి నీళ్లను తూచి పాత్రలో పోస్తూ, పోసిన ప్రతిసారీ పట్టీని పాత్ర మధ్యలో నిలువుగా నిలబెట్టి, తడి అంచు దగ్గర ఆకురాయితో గాటు పెట్టాను. అడుగు గుండ్రంగా ఉన్న పాత్రలో మొదటి గాటు మిగతా వాటికంటే ఎడంగా పడుతుంది, తర్వాతవి సమాన దూరంలో పడతాయి. ఒక కిలో నీరు ఒక లీటరన్నది 20 డిగ్రీల దగ్గర వెయ్యిలో రెండు వంతుల తేడాతో నిజం. మన పనికి అంతకన్నా సూక్ష్మం అవసరం లేదు.

ఆ కర్ర చేతిలో ఉంటే నాలుగు అంకెలూ ఒక ఖాళీ మధ్యాహ్నంలో తేలిపోతాయి. ఆవిరి కోసం, బీరు కాచే రోజు ఎంత మంట పెడతారో అంతే మంట మీద, మూత లేకుండా, 25 లీటర్ల మంచినీటిని సరిగ్గా గంటసేపు మరిగించి, చల్లారాక మళ్లీ కొలవండి. తేడాయే మీ అంకె. కొన్ని పట్టికలు ఆవిరిని గంటకు 10 శాతమనో 15 శాతమనో అడుగుతాయి. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఆవిరి లేచేది నీటి ఉపరితలం మీదినుంచి, దాన్ని నిర్ణయించేవి పాత్ర వెడల్పు, మంట తీవ్రత, గాలి. పాత్రలో 12 లీటర్లున్నా 25 లీటర్లున్నా అదే మంట మీద గంటలో పోయేది ఇంచుమించు అదే మూడున్నర లీటర్లు. శాతంతో లెక్క కట్టినవారు సగం పరిమాణం బ్యాచ్ చేసిన రోజున తప్పకుండా నీళ్లు తక్కువై ఇబ్బంది పడతారు. గంటన్నర మరిగిస్తే ఆ అంకెను ఒకటిన్నరతో హెచ్చించండి. ఆరుబయట గాలిలో కాస్తే మాత్రం గదిలో కొలిచిన అంకె చెల్లదు.

మాష్ పాత్ర అడుగు సంగతి ఇంకా తేలిక. జల్లెడ లేక గొట్టం బిగించి, మాల్ట్ లేకుండా నీళ్లు పోసి, కుళాయి తిప్పి ధార ఆగేదాకా వదిలి, లోపల మిగిలినదాన్ని ఒంపి తూచండి. పాత్రను చివర్లో కుళాయి వైపు వంచే అలవాటు మీకుంటే కొలిచేటప్పుడు కూడా వంచండి. మడ్డి అంకెకు ఒకటి రెండు బ్యాచ్‌లు ఆగాలి, ఎందుకంటే అది హాప్స్ (చేదు, వాసనల కోసం వేసే పూలు) ఎంత వేశారన్న దాని మీద ఆధారపడుతుంది. చేదు కోసం కాస్త హాప్స్ వేసిన బీరులో లీటరుతో పోయేది, చివర్లో గుప్పిళ్లతో హాప్స్ కుమ్మరించిన బీరులో మూడు లీటర్లు దాటవచ్చు. అలాంటి బీరుకు మొదటే లీటరో లీటరున్నరో ఎక్కువ పెట్టుకోవాలి.

పీల్పును మాత్రం బీరు కాచే రోజునే కొలవగలం. తూచి పోసిన మొత్తం నీళ్లలోంచి కెటిల్‌లోకి వచ్చిన వర్ట్‌ను (చల్లటి లీటర్లలోకి మార్చి), పాత్ర అడుగున నిలిచేదాన్ని తీసివేసి, మిగిలినదాన్ని మాల్ట్ కిలోలతో భాగిస్తే అంకె వస్తుంది. కుళాయి ఉన్న మాష్ పాత్రలో ఇది సాధారణంగా 0.8 నుంచి 1.1 మధ్య ఉంటుంది. ధార సన్నబడగానే కుళాయి కట్టేసేవారికి ఎక్కువ, పావుగంట బొట్లు బొట్లుగా కారనిచ్చేవారికి తక్కువ వస్తుంది. గుడ్డ సంచిలో మాల్ట్ పోసి మరిగించే పాత్రలోనే మాష్ చేసేవారు సంచిని పైకెత్తి గట్టిగా పిండితే 0.5, 0.6 దాకా దిగుతుంది. ఆ పద్ధతిలో మీ బీరుకు మొత్తం నీరు 25కు 3 కలిపితే 28 లీటర్లే, స్పార్జ్ ప్రసక్తే లేదు.

ఇక పంపకం. మాష్ ఎంత చిక్కగా ఉండాలన్న దానికి కిలోకు 2.5 నుంచి 3.5 లీటర్ల దాకా ఏదైనా సరే, 4 అయినా మాల్ట్‌లోని పిండిపదార్థం చక్కెరగా మారడానికి ఇబ్బంది ఉండదు. దీని మీద జరిగే వాదోపవాదాలకు బీరు రుచిలో కనిపించే తేడాకు పొంతన లేదని నా అభిప్రాయం. పంపకాన్ని నిజంగా నిర్ణయించేవి రెండు: పాత్రలో పట్టడం, చక్కెర బాగా కడిగి తీయడం.

పట్టడం చూడటానికి, కిలో మాల్ట్ నీటిలో మునిగితే సుమారు 0.67 లీటర్ల చోటు తీసుకుంటుందని గుర్తుంచుకుంటే చాలు. 15 లీటర్ల నీరు, 5 కిలోల మాల్ట్ కలిస్తే 15కు 3.35 కలిపి దాదాపు 18.4 లీటర్లు. కలపడానికి పైన కాస్త ఖాళీ కావాలి కనుక 22 లీటర్ల పాత్ర సరిపోతుంది.

కడగడం లెక్క ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. నీళ్లన్నీ ఒకేసారి పోసి, కలిపి, దింపే బ్యాచ్ స్పార్జ్‌ను తీసుకుందాం. 15 లీటర్ల మాష్ నుంచి 9 దింపితే కరిగిన చక్కెరలో 60 శాతం బయటికి వచ్చింది, 40 శాతం లోపల నిలిచిన 6 లీటర్లలో ఉండిపోయింది. దానికి 16 లీటర్లు పోసి బాగా కలిపితే 22 లీటర్లవుతాయి, అందులో 16 దింపితే ఆ 40లో సుమారు 73 శాతం, అంటే 29 వస్తుంది. మొత్తం 89 శాతం. రెండు దింపుళ్లూ సమానంగా ఉండాలని మీరు చదివే ఉంటారు. ఆ ప్రకారం రెండుసార్లూ 12.5 రావాలంటే మాష్‌కు 18.5, స్పార్జ్‌కు 12.5 పోయాలి, అదే లెక్క కడితే 89.5 శాతం వస్తుంది. లాభం అర శాతం. దాని కోసం మాష్‌ను కిలోకు 3.7 లీటర్లకు పలచన చేయాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేనైతే పట్టించుకోను. స్పార్జ్ అసలు లేకుండా 31 లీటర్లూ మాష్‌లోనే పోస్తే 25/31, అంటే 81 శాతం. స్పార్జ్ నీటిని ఎనిమిదేసి లీటర్లుగా రెండుసార్లు పోసి దింపితే దాదాపు 93 శాతం. అంటే ఒకే నీటిని ఎన్ని విడతలుగా పోశామన్నది ఆ నీటిని ఏ నిష్పత్తిలో పంచామన్న దానికంటే ఎక్కువ ఫలితమిస్తుంది. ఇవి కరిగిన చక్కెరలో ఎంత రాబట్టామన్న శాతాలు మాత్రమే. మాల్ట్ ముతకగా మర పట్టి ఉంటే అందులోని పిండి అంతా చక్కెరగా మారనే మారదు, ఆ నష్టం వేరుగా ఉంటుంది.

మీ 14 లీటర్ల బీరును ఈ లెక్కతోనే మళ్లీ చూడండి. గ్రావిటీలోని చివరి రెండంకెలను లీటర్లతో గుణిస్తే వచ్చే పాయింట్లు మరిగించినా, నీళ్లు కలిపినా మారవు. మంచి పేల్ మాల్ట్ కిలోకు సుమారు 300 పాయింట్లు ఇవ్వగలదు. 5 కిలోలకు 1500, అందులో 72 శాతం అందితే 1080. దాన్ని 25తో భాగిస్తే మరిగించే ముందు 1.043, 21.5తో భాగిస్తే మరిగించాక 1.050. మీ అసలు లక్ష్యం ఇదే. మీకు చల్లారిన పాత్రలో 15.5 లీటర్లు, 1.066 వచ్చాయంటే 1023 పాయింట్లు. చక్కెరలో ఎక్కువ భాగం అందింది, కానీ అందాల్సిన దానికి 57 పాయింట్లు తక్కువ, ఎందుకంటే 16కు బదులు 10 లీటర్లతోనే కడిగారు. అందువల్ల ఫర్మెంటర్‌లోని 14 లీటర్లకు, మరిగించి చల్లార్చిన నీరు 4.5 లీటర్లు కలిపితే 1.050 దగ్గర 18.5 లీటర్లవుతుంది. 20 కావు: తక్కిన లీటరున్నరకు సరిపడే చక్కెర కొంత పిప్పిలోను, కొంత పాత్ర అడుగున వదిలేసిన చిక్కటి మడ్డిలోను పోయింది. ఈస్ట్ ఇంకా వేయకపోయి ఉంటే నీళ్లు కలపడం నిస్సందేహంగా మంచిది. ఇప్పటికే పులియడం మొదలైతే కదిలించకుండా వదిలేసి గట్టి బీరుగా తాగండి.

మాల్ట్ పరిమాణం మారినప్పుడు ఈ అంకెలు ఎలా కదులుతాయో కూడా తెలిసి ఉండాలి. 8 కిలోలతో గట్టి బీరు చేస్తే మొత్తం నీరు 25కు 8, 1 కలిసి 34. కిలోకు 3 లీటర్లంటే మాష్‌కు 24, మాల్ట్ చోటుతో కలిపి 29.4 లీటర్లు, చాలామంది పాత్రల్లో పట్టదు. 2.5కు దించితే మాష్ నీరు 20, పాత్రలో 25.4, స్పార్జ్‌కు 14. ఇప్పుడు కడగడం లెక్క కడితే మొదటి దింపుడులో 11 లీటర్లకు 55 శాతం, రెండో దానిలో 27, మొత్తం 82 మాత్రమే. అంటే 5 కిలోలకు వచ్చిన 72 శాతం సామర్థ్యం 8 కిలోలకు 66, 67కు పడిపోతుంది, 1.080 వస్తుందనుకున్న బీరు 1.074 దగ్గర ఆగుతుంది. సామర్థ్యం పడిపోయిందని మరను తిట్టకుండా, ముందే ముప్పావు కిలో మాల్ట్ ఎక్కువ పెట్టుకోవాలి. తేలికపాటి బీరుకు దీనికి వ్యతిరేకం. మూడున్నర కిలోల మాల్ట్‌కు మొత్తం 29.5 లీటర్లు కావాలి. మాష్‌కు కిలోకు 3 చొప్పున 10.5 పోస్తే స్పార్జ్‌కు 19 మిగులుతుంది, అంత తక్కువ మాల్ట్‌ను అంత నీటితో కడగడం మంచిది కాదు. అక్కడ మాష్‌నే కిలోకు 4 లీటర్లకు పలచన చేసి 14 పోసి, స్పార్జ్‌ను 15.5కు తగ్గించండి.

ఎక్కువ కడగడం ఎందుకు మంచిది కాదంటే, చక్కెర పలచబడే కొద్దీ మాల్ట్ ఇచ్చే ఆమ్లత్వం కూడా పలచబడి, నీటిలోని క్షారత్వం పైచేయి సాధించి పీహెచ్ 6 వైపు పెరుగుతుంది. ఆ స్థితిలో వేడి కూడా ఎక్కువైతే పొట్టులోని వగరు దిగుతుంది. అందుకే పైనుంచి సన్నగా నీరు చల్లుతూ కింద దింపే నిరంతర స్పార్జ్ పద్ధతిలో దిగే వర్ట్ గ్రావిటీ 1.010కి దగ్గరపడగానే ఆపేయాలంటారు. తక్కువైన పరిమాణాన్ని కెటిల్‌లో నేరుగా నీళ్లు పోసి నింపుకోవచ్చు. ఆ పద్ధతిలో మొత్తం నీరు ఇదే అయినా, మాల్ట్ పైన రెండు మూడు సెంటీమీటర్ల నీరు చివరిదాకా నిలవాలి కనుక రెండు లీటర్లు అదనంగా కాచి ఉంచుకుని, స్పార్జ్ నీరు అయిపోయేదాకా కాకుండా కెటిల్‌లో 25 లీటర్లు చేరేదాకా దింపాలి. మీ నీరు క్షారత్వం ఎక్కువున్నదైతే స్పార్జ్ నీటిలో కొద్ది చుక్కల లాక్టిక్ ఆమ్లం వేసి పీహెచ్‌ను 5.5, 6 మధ్యకు తెచ్చుకోండి.

వేడి లెక్క కూడా ఈ పరిమాణాలతోనే ముడిపడి ఉంది. మాష్‌లో పోసే నీటి వేడి కోసం, మీకు కావలసిన మాష్ వేడిలోంచి మాల్ట్ వేడిని తీసివేసి, దాన్ని 0.41తో గుణించి, కిలోకు పోసే లీటర్లతో భాగించి, వచ్చినదాన్ని కావలసిన మాష్ వేడికి కలపాలి. మాల్ట్ 25 డిగ్రీలు, మాష్ 67 డిగ్రీలు అనుకుంటే, కిలోకు 3 లీటర్ల దగ్గర నీరు 72.7 డిగ్రీలు ఉండాలి, 3.7 లీటర్ల దగ్గర 71.7 చాలు. పాత్ర చల్లగా ఉంటే అది తన వాటా లాక్కుంటుంది, కనుక ముందుగా వేడినీటితో కడిగి ఒంపేయండి. బ్యాచ్ స్పార్జ్‌కు నీరు 75 డిగ్రీలే దాటకూడదన్న నియమాన్ని అక్షరాలా పాటించనక్కర్లేదు. దాటకూడనిది తడి మాల్ట్ వేడి. 65 డిగ్రీల దగ్గర లోపల నిలిచిన 6 లీటర్లకు, 5 కిలోల మాల్ట్‌కు 80 డిగ్రీల నీరు 16 లీటర్లు కలిపితే మొత్తం వచ్చి 75 దగ్గర నిలుస్తుంది.

తదుపరి బ్యాచ్‌కు 31 లీటర్లను చల్లగా తూచి 15, 16గా విడదీసి పక్కన పెట్టుకోండి. స్పార్జ్ అయ్యాక మరిగించే ముందు ఆగి, కొలకర్ర పెట్టి, కొంచెం వర్ట్‌ను తీసి 20 డిగ్రీలకు చల్లార్చి గ్రావిటీ చూడండి. వేడి వర్ట్‌లో ముంచిన హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే పరికరం) అబద్ధం చెబుతుంది. 25 లీటర్లు, 1.043 ఉంటే హాప్స్ సమయాలను యథాతథంగా మొదలుపెట్టండి. ఒక లీటరు ఎక్కువగా ఉంటే హాప్స్ వేయకుండా పదిహేడు నిమిషాలు ఎక్కువ మరిగించండి, ఎందుకంటే గంటకు మూడున్నర లీటర్లు పోయే పాత్రలో ఒక లీటరు పోవడానికి అంత సమయం పడుతుంది. ఒక లీటరు తక్కువగా ఉండి గ్రావిటీ ఎక్కువగా ఉంటే వేడినీరు ఒక లీటరు పోసేయండి. లీటర్లు తక్కువ, గ్రావిటీ కూడా తక్కువ అయితే నీళ్లు పోయవద్దు; సమస్య నీటి లెక్కలో లేదు, మాల్ట్ మర పట్టడంలోనో మాష్ వేడిలోనో ఉంది, అది విడిగా వెతకవలసినది. గోధుమ మాల్ట్ ఎక్కువగా ఉన్న బీరులో ధార ఆగిపోకుండా వరి పొట్టు వేసే అలవాటుంటే, దాన్ని ముందుగా నీళ్లలో నానబెట్టి వార్చి వేయండి. పొడిగా వేస్తే అది కూడా మాష్ నీటిని తాగుతుంది, ఆ నీరు ఎక్కడికి పోయిందో మీ పుస్తకంలో ఏ గడిలోనూ దొరకదు.